పిల్లల్ని కోర్టు తీసేసుకుంది, అప్పీలు చేయాలా? బే ఏరియా నుంచి అడిగిన తల్లికి నా జవాబు

అమ్మా, మీరు రాసింది నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. హోమ్‌వర్క్ దగ్గర మీవారు ఏడేళ్ల బాబును బెల్టుతో కొట్టారు, తొడ మీద వాత తేలింది. మర్నాడు స్కూల్లో టీచర్ చూసి రిపోర్ట్ చేశారు, సాయంత్రానికి సోషల్ వర్కర్, పోలీసులు ఇంటికొచ్చి బాబుతో పాటు రెండేళ్ల పాపను కూడా తీసుకెళ్లారు. కొట్టినప్పుడు మీరు పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉన్నారు. కొట్టారని మీవారి మీద, కాపాడలేదని మీ మీద పెట్టిన ఆరోపణలు నిజమేనని జడ్జి తేల్చి, పిల్లల్ని ఇద్దరి దగ్గర్నుంచీ తీసి ఫాస్టర్ హోమ్‌లో ఉంచమని మూడు వారాల కిందట డిస్పోజిషన్ ఆర్డర్ ఇచ్చారు. ఇప్పుడు మీరు అడుగుతున్నవి: అప్పీలు చేయాలా, చేస్తే జడ్జికి కోపం వస్తుందా, చేస్తే పిల్లలు త్వరగా వస్తారా, ఈలోపు గుంటూరులో ఉన్న మీ అమ్మానాన్నల దగ్గరికి పంపొచ్చా, వీసాకు ఏమవుతుంది.

నేను కాలిఫోర్నియాలో చాలా ఏళ్లుగా డిపెండెన్సీ కేసులు, అంటే పిల్లల రక్షణ కోసం జువెనైల్ కోర్టులో నడిచే మీలాంటి కేసులు, వాటి అప్పీళ్లు చేస్తున్న లాయర్‌ని. మీ ఫైలు నేను చూడలేదు, అది చూసిన మీ లాయర్ మాటకే విలువ ఎక్కువ. అయినా సూటిగా చెబుతాను. అప్పీలు చేయండి. కానీ పిల్లలు ఇంటికొచ్చేది అప్పీలు వల్ల అనుకోకండి. వాళ్లు వచ్చేది కేస్ ప్లాన్ వల్ల, అంటే మీరు చేయాలని కోర్టు చెప్పిన క్లాసులు, విజిట్లు లాంటివాటి వల్ల. ఇంకో మాట, అప్పీలులో మీరు కొట్లాడాల్సింది బెల్టు గురించి కాదు, "నా దగ్గర్నుంచి పిల్లల్ని ఎందుకు తీశారు" అన్నదాని గురించి. నేను రాసేదంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ముందు గడువు సంగతి. డిస్పోజిషన్ ఆర్డర్ మీద అప్పీలుకు 60 రోజులు. ఆ లెక్క జడ్జి కోర్టులో ఆర్డర్ చెప్పిన రోజు నుంచి మొదలవుతుంది, కాగితం మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు. వేయాల్సిన ఫారం జేవీ-800, అది ఇచ్చేది అప్పీలు కోర్టులో కాదు, మీ కేసు నడుస్తున్న జువెనైల్ కోర్టు క్లర్క్ దగ్గరే. ఫీజు ఏమీ లేదు. అందులో వాదనలు రాయనక్కర్లేదు, ఏ ఆర్డర్ మీద, ఏ తేదీది, ఎవరు అప్పీలు చేస్తున్నారు అన్నది చాలు. మీరు, మీవారు విడివిడిగా వేయాలి, ఒకరు వేస్తే రెండోవాళ్లకు కూడా వేసినట్టు కాదు. ఇద్దరికీ ఒకే లాయర్ ఉంటే వెంటనే మార్చండి, ఎందుకంటే మీ కేసులో మీకు పనికొచ్చే వాదన మీవారికి పనికిరాదు, ఒక్కోసారి ఆయనకు ఎదురు తిరుగుతుంది కూడా.

ఈ 60 రోజుల్లో ఒక్క రోజు దాటినా మామూలుగా అప్పీలు కొట్టేస్తారు. 2021లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఇన్ రె ఏ.ఆర్. అనే కేసు ఉంది. తల్లి అప్పీలు చేయమని తన లాయర్‌కు టైముకే చెప్పింది, లాయర్ నాలుగు రోజులు ఆలస్యంగా వేశాడు, అప్పీలు కోర్టు కొట్టేసింది. లాయర్ తప్పుకు తల్లి బలి కాకూడదని, తాను వెంటనే కదిలి ఉంటే ఆమెకు ఒక దారి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది, మంచిదే, కానీ ఆ ఒక్క మాట చెప్పించుకోవడానికే రాష్ట్రంలో పై కోర్టు దాకా పోవాల్సొచ్చింది. మీకు ఆ అవస్థ వద్దు. లాయర్‌కు ఈమెయిల్‌లో "నేను డిస్పోజిషన్ ఆర్డర్ మీద అప్పీలు చేయాలనుకుంటున్నాను, జేవీ-800 వేయండి" అని రాతపూర్వకంగా పెట్టండి, వేశాక క్లర్క్ స్టాంపు ఉన్న కాపీ తీసుకోండి.

మీకు టైముంది కదా అని ఊరుకోకండి, ఎందుకంటే ఇంకో గడువు ఉంది, అసలు కొంపలు మునిగేది అక్కడే. మీ చేతిలో ఉన్న మినిట్ ఆర్డర్‌లో (ఆ రోజు కోర్టు ఇచ్చిన ఆర్డర్లు రాసిన కాగితం) "366.26" అన్న అంకె ఎక్కడైనా ఉందేమో ఇప్పుడే చూడండి. అది పిల్లలకు శాశ్వత ఏర్పాటు చేసే హియరింగ్, అంటే దత్తత, తల్లిదండ్రుల హక్కుల రద్దు నిర్ణయమయ్యే చోటు, కోర్టుల్లో దాన్ని టూ-సిక్స్ హియరింగ్ అంటారు. ఏ హియరింగ్‌లోనైనా జడ్జి టూ-సిక్స్‌కు తేదీ పెట్టారంటే, ఆ రోజు ఇచ్చిన ఆర్డర్ల మీద 60 రోజుల అప్పీలు ఉండదు, రిట్ (ఆ ఆర్డర్‌ను సరిదిద్దమని పై కోర్టును అడిగే వేరే పిటిషన్) వేయాలి. దానికి ముందు జేవీ-820 అనే నోటీసు ఇవ్వాలి, మీరు హియరింగ్‌లో ఉంటే అందుకు గడువు కేవలం 7 రోజులు. మీరు కోర్టులో లేకుండా, పోస్టులో తెలిస్తే కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు 12, అమెరికా బయట ఉన్నవాళ్లకు 27. ఆ నోటీసు మీద మీ సంతకమే ఉండాలి. ఆ గడువు పోతే, ఆ ఆర్డర్ తప్పని తర్వాత వాదించే అవకాశం దాదాపు పోయినట్టే. మీరు రాసినదాన్ని బట్టి మీకు రీయూనిఫికేషన్ సర్వీసులు (పిల్లలు తిరిగి మీ దగ్గరికి చేరేందుకు ఇచ్చే క్లాసులు, సాయం) ఇచ్చారు, కాబట్టి ఇప్పుడు అది ఉండకపోవచ్చు. కానీ ఆరు నెలల రివ్యూలో రావచ్చు, అందుకే ఇప్పుడే గుర్తుపెట్టుకోమంటున్నాను.

ఆరు నెలలు అని ఎందుకన్నానంటే మీ పాప వయసు వల్ల. మూడేళ్లు, అంతకు పైబడిన పిల్లలకు చట్టం మామూలుగా 12 నెలల సర్వీసులు ఇస్తుంది, మూడేళ్లలోపు పిల్లలకు 6 నెలలే. ఇద్దరు తోబుట్టువుల్ని ఒకేసారి తీసి, అందులో ఒకరు మూడేళ్లలోపు అయితే, పెద్దవాడికి కూడా ఆ 6 నెలలే వర్తింపజేసే అధికారం కోర్టుకు ఉంది. పొడిగింపులు ఉన్నాయి, 18 నెలల దాకా, అరుదుగా 24 దాకా వెళ్తాయి, కానీ అవి మీరు పని చేసి చూపిస్తేనే. ఇటుపక్క అప్పీలు ఎంత కాలం పడుతుందో చూడండి. క్లర్క్, కోర్టులో మాటలు రాసుకునే రిపోర్టర్ కలిసి రికార్డు తయారు చేయాలి. అది చేరాక మీ లాయర్ ఓపెనింగ్ బ్రీఫ్‌కు, అంటే మొదటి రాతపూర్వక వాదనకు 40 రోజులు, ఎదుటి పక్షమైన కౌంటీ జవాబుకు 40, మీ ప్రతిజవాబుకు 20, వీటి మీద వాయిదాలు, తర్వాత వాదనలు, తర్వాత ముగ్గురు జడ్జీల తీర్పు. ఏడాది దగ్గర పడ్డా ఆశ్చర్యం లేదు. అంటే మీ ఆరు నెలల రివ్యూ అయిపోయాక, బహుశా 12 నెలల రివ్యూ దగ్గర్లో తీర్పు వస్తుంది. అప్పీలు వేసినంత మాత్రాన కింది కోర్టు ఆర్డర్ ఆగదు కూడా. అప్పీలు గెలుస్తాం కదా అని పేరెంటింగ్ క్లాసులు వాయిదా వేసుకున్న తల్లిదండ్రుల్ని చూశాను, బాధపడటం తప్ప వాళ్లకు ఏమీ చేయలేకపోయాను.

జడ్జికి కోపం వస్తుందేమో అన్న టెన్షన్ మాత్రం వదిలేయండి. డిపెండెన్సీ జడ్జీలకు అప్పీళ్లు రోజూ ఉండేవే, చట్టంలో 395 సెక్షన్ మీకిచ్చిన హక్కు అది. అప్పీలు వేశారు కాబట్టి సహకరించడం లేదని సోషల్ వర్కర్ రాయకూడదు, రాస్తే మీ లాయర్ ఊరుకోకూడదు. జడ్జీలు నిజంగా పట్టించుకునేది వేరే ఉంది. క్లాసులో కూర్చుని "మా ఊళ్లో ఇది మామూలే, మేం కూడా తన్నులు తినే పెరిగాం, మా బాబును మేం క్రమశిక్షణలో పెట్టుకుంటే వీళ్లకెందుకు" అన్నారనుకోండి, అది రిపోర్టులోకి ఎక్కుతుంది, ఏం జరిగిందో ఇంకా అర్థం కాలేదని రాస్తారు. మన వాళ్ల కేసుల్లో పిల్లలు తిరిగి రావడం ఆలస్యమయ్యేది ఎక్కువగా ఆ ఒక్క మాట వల్లే. తొడ మీద వాత తేలేలా కొట్టడం తప్పేనని నేనూ అంటాను, మీరూ మీవారూ అలా అనగలిగితే అప్పీలుకు నష్టమేమీ లేదు, ఎందుకంటే మీ అప్పీలు దాని మీద నిలబడదు. ఇందులో మీవారికి మాత్రం ఒక జాగ్రత్త ఉంది, చివర చెబుతాను.

ఇప్పుడు అసలు వాదనకొస్తాను.

అప్పీలు అంటే మళ్లీ విచారణ కాదు. కొత్త సాక్షులు ఉండరు, కొత్త ఫోటోలు ఉండవు, మీరు ఎంత మంచి తల్లో చెప్పే ఉత్తరాలు ఉండవు. కింది కోర్టులో ఆ రోజు దాకా రికార్డులో ఉన్నదాని మీదే చూస్తారు. జడ్జి నమ్మినదాన్ని అప్పీలు కోర్టు నమ్మకుండా పోదు, ఆ నిర్ణయానికి తగిన సాక్ష్యం రికార్డులో ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఈ కొలతతో చూస్తే బెల్టు సంగతి మీకు కలిసిరాదు. చట్టంలో 300(ఎ) కింద వయసుకు తగ్గట్టు, మితంగా పిరుదుల మీద కొట్టడం, తీవ్రమైన గాయం లేకపోతే, హాని లెక్కలోకి రాదు. 2015లో ఇన్ రె డి.ఎం. కేసులో తల్లి చేత్తోనో చెప్పుతోనో పిరుదుల మీద కొట్టింది, చెప్పుతో కొడితే ఎప్పుడైనా హింసే అన్నట్టు కింది జడ్జి తేల్చేశారు. అప్పీలు కోర్టు అలా గుండుగుత్తగా కుదరదు, ఉద్దేశం నిజంగా క్రమశిక్షణేనా, కొట్టాల్సిన అవసరం ఉందా, కొట్టిన తీరు మితంగా ఉందా అన్నవి చూడాలంది. ఈ కేసు ఇంటర్నెట్‌లో కనిపించగానే అందరూ పట్టుకుంటారు. కానీ అక్కడ మచ్చ లేదు, బెల్టు లేదు. ఏడేళ్ల వాడి తొడ మీద బెల్టు వాత ఫోటో రికార్డులో పెట్టుకుని ఆ కేసు మీద నడిచే వాదన మీవారు చేసుకోవాలంటే చేసుకోవచ్చు, మీరు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో చిక్కు కూడా ఉంది. డిపెండెన్సీ కోర్టు అధికారం పిల్లల మీద, తల్లిదండ్రుల మీద కాదు. ఇద్దరిలో ఒకరి మీద ఒక్క ఆరోపణ నిలబడినా కేసు నిలబడుతుంది. అంటే మీ మీద రాసిన "కాపాడలేదు" అన్నది కొట్టేసినా, మీవారి మీద ఉన్నదానితో కేసు నడుస్తూనే ఉంటుంది.

కానీ పిల్లల్ని ఇంట్లోంచి తీయడానికి కొలత వేరు, ఇక్కడే మీ బలం ఉంది. ఆరోపణ నిజమని తేల్చడానికి సగం కన్నా కాస్త ఎక్కువ నమ్మకం కలిగితే చాలు. పిల్లల్ని తీయడానికి మాత్రం 361(సి) సెక్షన్ కింద స్పష్టమైన, గట్టి సాక్ష్యం కావాలి, అది కూడా తీయకుండా పిల్లల్ని కాపాడే సహేతుకమైన మార్గం ఇంకేదీ లేదని. ఆ మార్గాలేమిటో చట్టమే రాసిపెట్టింది. హాని చేసిన తండ్రిని ఇంట్లోంచి బయటకు పంపడం ఒకటి. హాని చేయని తల్లి, తాను పిల్లల్ని ఎలా కాపాడతానో కోర్టుకు నచ్చే ప్లాన్ చూపిస్తే పిల్లల్ని ఆమె దగ్గరే ఉంచడం రెండోది. కోర్టు ఈ రెండూ పరిశీలించి తీరాలి, పిల్లల్ని ఎందుకు తీస్తున్నదో దానికి ఆధారమైన విషయాలు కూడా చెప్పాలి. మీవారు స్నేహితుడి అపార్ట్‌మెంట్‌కు వెళ్లడానికి ఒప్పుకున్నారని మీరే రాశారు. మీ మీద ఇంతకు ముందు ఏ ఫిర్యాదూ లేదు, మీరు ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. మరి మీవారు వెళ్లిపోతే మీ దగ్గర పిల్లలకు ప్రమాదమేమిటి? ఆ ప్రశ్నకు రికార్డులో జవాబు లేకపోతే అది గెలిచే అవకాశం ఉన్న అప్పీలు.

2020లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కన్జర్వేటర్‌షిప్ ఆఫ్ ఓ.బి. కేసులో ఒక మాట తేల్చింది, అది మీకు పనికొస్తుంది. కింది కోర్టుకు గట్టి సాక్ష్యం అవసరమైన చోట, అప్పీలు కోర్టు కూడా ఆ గట్టిదనాన్ని మనసులో పెట్టుకునే రికార్డు చూడాలి, ఏదో కాస్త సాక్ష్యం ఉంది కదా అని వదిలేయకూడదు. అంతకు ముందు కొన్ని అప్పీలు కోర్టులు ఆ తేడా పట్టించుకునేవి కావు.

అయితే ఇదంతా ట్రాన్‌స్క్రిప్టులో ఏముంది అన్నదాన్ని బట్టి. రిపోర్టర్ ట్రాన్‌స్క్రిప్టు రాగానే డిస్పోజిషన్ రోజు పేజీలు మీరే చదవండి. మీ లాయర్ ఆ రోజు ఏమన్నారో వెతకండి. "సోషల్ వర్కర్ రిపోర్టు మీద నిర్ణయం జడ్జికే వదులుతున్నాం" అన్నారా, లేక "సిఫార్సుకు ఒప్పుకుంటున్నాం" అన్నారా. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదాంట్లో సాక్ష్యం చాలదని అప్పీలులో అనొచ్చు. రెండోదాంట్లో ఆ ఆర్డరు మీరే ఒప్పుకున్నారని కౌంటీ లాయర్ మొదటి పేజీలోనే రాస్తాడు. అలాగే ఆరోపణల మీద నో కాంటెస్ట్ (ఎదిరించను) అని ఫారం మీద సంతకం పెట్టి ఉంటే, ఆ ఆరోపణలకు సాక్ష్యం లేదన్న వాదన పోయినట్టే, పిల్లల్ని తీసిన ఆర్డర్ మీద వాదన మాత్రం మిగులుతుంది. తర్వాత చూడాల్సింది మీవారు బయటకు వెళ్తారన్న మాట ఎవరైనా జడ్జి ముందు పలికారా లేదా. మీరు వంటింట్లో లాయర్‌తో ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు, రికార్డులో ఉండాలి. సోషల్ వర్కర్ రిపోర్టులో ఎక్కడో ఒక లైనులో "తండ్రి ఇల్లు ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉన్నానన్నాడు" అని ఉన్నా అది బంగారం.

మీ అప్పీలు లాయర్ వేరే ఉంటారు. ట్రయల్ లాయర్ జేవీ-800 వేస్తారు, ఆదాయం తక్కువైతే అప్పీలు కోర్టు లాయర్‌ను ఇస్తుంది, మీ ఇద్దరి జీతాలు ఐటీ జీతాలైతే మీరే పెట్టుకోవాల్సి రావచ్చు. పెట్టుకుంటే డిపెండెన్సీ అప్పీళ్లు చేసేవాళ్లనే పెట్టుకోండి, విడాకుల లాయర్‌నో ఇమిగ్రేషన్ లాయర్‌నో తెలుసు కదా అని పెట్టుకోకండి. శాంటా క్లారా కౌంటీ అప్పీళ్లు శాన్ హోసేలోని సిక్స్త్ డిస్ట్రిక్ట్‌కు, అలమీడా, కాంట్రా కోస్టా, శాన్ మటేయో కౌంటీలవి శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫస్ట్ డిస్ట్రిక్ట్‌కు వెళ్తాయి.

అప్పీలు అంత ఆలస్యమైతే, పిల్లలు కేస్ ప్లాన్ వల్లే వస్తే, మరి అప్పీలు ఎందుకు అని మీకు అనిపించొచ్చు. మూడు కారణాలు. ఒకటి, డిస్పోజిషన్ మీద ఇప్పుడు అప్పీలు చేయకపోతే అందులో ఉన్నవన్నీ స్థిరపడిపోతాయి, రేపు టూ-సిక్స్ దగ్గర "అసలు నా దగ్గర్నుంచి తీయడమే తప్పు" అంటే ఎవరూ వినరు. రెండు, మీ మీద ఉన్న "కాపాడలేదు" అన్న ముద్రను సవాలు చేయడానికి మీకు వేరే దారి ఉండదు. మూడోది చాలామందికి తెలియదు. కాలిఫోర్నియా న్యాయ శాఖ దగ్గర చైల్డ్ అబ్యూజ్ సెంట్రల్ ఇండెక్స్ అని ఒక జాబితా ఉంటుంది. కౌంటీ విచారణలో నిజమని తేల్చిన వాళ్ల పేర్లు అందులోకి వెళ్తాయి, పిల్లలతో పనిచేసే ఉద్యోగాలకు, లైసెన్సులకు, దత్తతకు అది చూస్తారు. పేరు పెట్టినట్టు ఉత్తరం వస్తే 30 రోజుల్లో హియరింగ్ అడగొచ్చు, కానీ అదే విషయం కోర్టు నిజమని తేల్చి ఉంటే ఆ హియరింగ్ ఇవ్వరు. కాబట్టి మీవారి పేరో మీ పేరో అందులోకి వెళ్లి ఉంటే, దాన్ని తీయించుకునే దారి కూడా ఈ అప్పీలు గుండానే పోతుంది. శాంటా క్లారాలోనే ఒక తల్లి కూతురిని చెక్క గరిటెతో కొట్టిందని పేరు ఎక్కిస్తే, 2014లో సిక్స్త్ డిస్ట్రిక్ట్ కోర్టు వాతలు పడిన ప్రతి దెబ్బా చైల్డ్ అబ్యూజ్ కాదని చెప్పింది. ఉత్తరాలు వచ్చే కవర్లు ఏవీ తెరవకుండా పక్కన పెట్టకండి.

ఒక చిత్రమైన సంగతి కూడా జరుగుతుంది. మీరు బాగా పనిచేసి, పిల్లలు ఇంటికొచ్చి, అప్పీలు తీర్పు రాకముందే కేసు మూసేశారనుకోండి, ఇక తేల్చడానికి ఏమీ లేదు, అప్పీలు కొట్టేయండని కౌంటీ అడుగుతుంది. 2023లో ఇన్ రె డి.పి. కేసులో సుప్రీంకోర్టు దీని గురించి చెప్పింది. పరువు పోయిందన్న ఒక్క కారణం సరిపోదు, ఆ నిర్ణయం వల్ల ముందు ముందు మీకు నిజమైన నష్టం ఏదో చూపించాలి, లేదంటే కోర్టు తన ఇష్టంతో వినొచ్చు. అందుకని ఇండెక్స్ ఉత్తరం, ఉద్యోగ లైసెన్సు లాంటివి ఉంటే మీ అప్పీలు లాయర్‌కు మొదట్లోనే చెప్పండి. పిల్లలు ఇంటికొచ్చి అప్పీలు పోయినా నేనైతే దాన్ని ఓటమి అనను.

పిల్లలు త్వరగా రావడానికి దారి ఇది. మీవారు నిజంగానే వేరే ఇంటికి మారాలి, ఊరికే మాట కాదు, లీజు, బిల్లు, అడ్రస్ మార్పు ఉండాలి. మీరిద్దరూ క్లాసులు మొదలుపెట్టాలి, కౌంటీ రిఫరల్ కోసం వారాల తరబడి ఆగకుండా సోషల్ వర్కర్ ఒప్పుకునే చోట మీరే చేరండి. కాస్త పురోగతి రాగానే, ఆరు నెలల దాకా ఆగకుండా, పరిస్థితి మారిందని 388 పిటిషన్ వేయమని లాయర్‌ను అడగండి, ఫారం జేవీ-180. అప్పీలు నడుస్తుండగా కూడా ఇది వేసుకోవచ్చు. అప్పీలులో చెప్పలేని కొత్త విషయాలన్నీ చెప్పుకునే చోటు ఇదే. ఆరు నెలల రివ్యూలో కూడా చట్టం మీ వైపే మొదలవుతుంది. పిల్లల్ని తిరిగి ఇస్తే ప్రమాదమని కౌంటీ నిరూపించాలి, లేకపోతే ఇచ్చెయ్యాలి.

విజిట్లు ఒక్కటి కూడా తప్పొద్దు. మీటింగ్ ఉన్నా, మేనేజర్ గొణిగినా సరే. విజిట్‌ను గమనించే మానిటర్ కూర్చుని రాసుకుంటారు, ఎన్నింటికి వచ్చారు, ఏం తెచ్చారు, పాప ఏడిస్తే ఎవరు ఎత్తుకున్నారు, బాబు వెళ్లేటప్పుడు ఏమన్నాడు. పాపకు పెరుగన్నం డబ్బా తీసుకెళ్లొచ్చా అని ముందే అడిగి తీసుకెళ్లండి. రెండేళ్ల పిల్ల తెలిసిన రుచి చూసి మీ ఒళ్లో కూర్చుని తిన్నదన్న ఒక్క వాక్యం ఆ నోట్స్‌లో ఉంటే అది పది సర్టిఫికెట్ల పెట్టు. తెలుగులో మాట్లాడితే మానిటర్‌కు అర్థం కాదని ఆపొచ్చు. పాపకు ఇంగ్లీషు రాదు కాబట్టి తెలుగు తెలిసిన మానిటర్‌నో ఇంటర్‌ప్రెటర్‌నో ఇవ్వమని లాయర్ చేత రాతపూర్వకంగా అడిగించండి. కేసు గురించి, ఇంట్లో ఏం జరిగిందన్నదాని గురించి బాబుతో ఒక్క మాట ఎత్తకండి, "నువ్వు టీచర్‌కు ఎందుకు చెప్పావు" అన్నది అసలు నోట్లోంచి రాకూడదు. వాడు ఇప్పటికే తన వల్లే చెల్లి కూడా వెళ్లిపోయిందని అనుకుంటూ ఉంటాడు.

గుంటూరు సంగతి. పిల్లల్ని అమెరికా బయట ఉంచాలంటే అది పిల్లలకే మేలని జడ్జి ముందే తేల్చాలి, అడిగినవాళ్లు గట్టి సాక్ష్యంతో నిరూపించాలి. పైగా పిల్లలు అక్కడికెళ్తే మీ విజిట్లు ఎలా? ఆరు నెలల గడియారం మాత్రం ఇక్కడ తిరుగుతూనే ఉంటుంది. నా సలహా, వద్దు. దాని బదులు ఇక్కడున్న బంధువుల్ని ముందుకు తీసుకురండి. తాత, నానమ్మ, అమ్మమ్మ, మేనమామ, మేనత్త, బాబాయి లాంటివాళ్లు అడిగితే వాళ్లను ముందు పరిశీలించాలని చట్టం చెబుతుంది. మీ తమ్ముడు డాలస్‌లో ఉన్నాడన్నారు, వేరే రాష్ట్రం కాబట్టి రెండు రాష్ట్రాల మధ్య పరిశీలనకు నెలలు పడుతుంది, అయినా ఈ రోజే పేరు ఇప్పించండి. బే ఏరియాలోనే ఉన్న మీవారి పిన్ని కూతురు ఒప్పుకుంటే అది ఇంకా త్వరగా అవుతుంది. మీ అమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చి మీకు తోడుండటం మంచిదే, మీ ప్లాన్‌లో ఆమె పేరు రాయొచ్చు, కానీ పిల్లల్ని ఆమె పేరు మీద ఉంచుతారని అనుకోకండి. ఇంకోటి, కోర్టులో ఇచ్చే ఐసీడబ్ల్యూఏ-020 ఫారం అడిగేది అమెరికా ఆదివాసీ తెగల సభ్యత్వం గురించి, మన దేశం గురించి కాదు. అక్కడ తెలియక టిక్ పెట్టి ఉంటే లాయర్‌కు చెప్పి సరిచేయించండి, లేకపోతే అనవసరమైన విచారణలతో కేసు సాగుతుంది.

వీసా. డిపెండెన్సీ కోర్టు తేల్చింది శిక్ష కాదు, నేర నిర్ధారణ కాదు. పిల్లల మీద హింస కింద దేశం నుంచి పంపించే నిబంధన క్రిమినల్ కేసులో దోషిగా తేలితే వర్తించేది. కాబట్టి మీవారి మీద 273డి, 273ఎ (పిల్లల్ని కొట్టడం, ప్రమాదంలో పెట్టడం) లాంటి క్రిమినల్ కేసు ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఉంటే ఆయన ఏ ప్లీ (నేరం ఒప్పుకునే ఒప్పందం) ఒప్పుకోకముందే క్రిమినల్ లాయర్, ఇమిగ్రేషన్ లాయర్ ఇద్దరూ కూర్చుని మాట్లాడాలి. ప్లీ వల్ల దేశం విడవాల్సి వస్తుందేమో చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని 2010లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఇందాక అన్న జాగ్రత్త ఇదే. డిపెండెన్సీ కోర్టులో ఆయన ఇచ్చే సాక్ష్యాన్ని వేరే కేసులో వాడకూడదని 355.1 సెక్షన్ ఉంది, కానీ సోషల్ వర్కర్‌తో, క్లాసులో అన్న మాటలకు అదే రక్షణ ఉందనుకోవద్దు. తప్పు ఒప్పుకోవడం మంచిదే, ఎక్కడ, ఎవరి ముందు, ఏ మాటల్లో అన్నది క్రిమినల్ లాయర్‌ను అడిగి చేయాలి. ఆయన మీద దగ్గరికి రాకూడదన్న ప్రొటెక్టివ్ ఆర్డర్ ఏదైనా ఉంటే దాన్ని ఒక్క ఫోన్ కాల్‌తో కూడా దాటకండి, దానికి వేరే ఇమిగ్రేషన్ చిక్కు ఉంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది, లాయర్‌కు ఆ ఈమెయిల్ పెట్టడం, మినిట్ ఆర్డర్ తీసి చదవడం. అది చదివాక మూడు సంగతులు రాయండి: ఏ కౌంటీ, జడ్జి ఆర్డర్ చెప్పిన తేదీ, అందులో 366.26 అన్న అంకె ఉందా లేదా. కింద సంతకం జడ్జిదా, రిఫరీదా (జడ్జి బదులు కేసు వినే అధికారి) కూడా చూడండి, రిఫరీ అయితే జడ్జి చేత మళ్లీ వినిపించుకోవడానికి ఆర్డర్ అందిన 10 రోజుల్లో అడగాలి, అది దాటిందో లేదో లాయర్‌ను అడగండి. పిల్లల పేర్లు, స్కూలు పేరు, కేసు నంబరు మాత్రం ఎక్కడా రాయకండి, ఈ కేసులు గోప్యంగా ఉండాలి. నా జవాబు కోసం జేవీ-800 ఆపకండి.